పీనట్ బటర్ మానకుండా కేలరీలు తగ్గించుకోవడం ఎలా?

మాది అనంతపురం వైపు. హైదరాబాదులో పల్లీలు అంటారు గానీ మా ఇంట్లో ఇప్పటికీ అవి బుడ్డలే. ఉడకేసిన బుడ్డలు, కాల్చిన బుడ్డలు, సంగటిలోకి ఊరుబిండి. పీనట్ బటర్ అనేది మాత్రం జిమ్‌కు వెళ్లే మా అబ్బాయి పుణ్యమా అని ఇంట్లోకి వచ్చింది. వాడు రెండు నెలలకే జిమ్ మానేశాడు. సీసా మాత్రం నా చేతిలో ఉండిపోయింది.

పొద్దున బ్రెడ్డు మీద, సాయంత్రం అరటిపండుతో, రాత్రి ఊరికే ఒక చెంచా. నడుము దగ్గర లెక్క తేలాక దీనికి తేలికైన మార్గం ఏదైనా ఉందా అని వెతికాను. ఉంది. కాకపోతే అది డబ్బా మార్చినంత మాత్రాన అయ్యే పని కాదు. కొవ్వు తీసేసిన పొడిని తెచ్చి నీళ్లు కలిపి, "ఇదీ పీనట్ బటరే" అని మీకు మీరు చెప్పుకుంటే మూడో రోజుకే పాత సీసా మూత తీస్తారు. కొవ్వు పోయినప్పుడు దాంతోపాటు ఏమేం పోయాయో తెలుసుకుని, వాటిలో కొంతైనా మళ్లీ తెచ్చుకోవాలి. నేను చేసిన పద్ధతి ఇది.

ముందు మీరు తినేది ఎంతో తూచండి

వంటింట్లో వాడే చిన్న డిజిటల్ కాటా కావాలి. చెంచా లెక్క ఇక్కడ పనికిరాదు. పీనట్ బటర్ చెంచాలో మట్టంగా నిలవదు, పైన గోపురం కడుతుంది, వెనకవైపూ అంటుకుని వస్తుంది.

సీసా మూత తీసి కాటా మీద పెట్టండి. బటన్ నొక్కి సున్నా చేయండి. ఇప్పుడు రోజూ తీసుకున్నట్టే తీసుకోండి, బ్రెడ్డు మీద రాయండి, చెంచా నాకే అలవాటుంటే నాకేయండి. కాటా మైనస్‌లో ఎంత చూపిస్తే అంత మీరు తిన్నట్టు. అబద్ధం ఆడటానికి వీల్లేని పద్ధతి ఇది.

లేబుల్ మీద ఒక వడ్డన అంటే సాధారణంగా రెండు టేబుల్ స్పూన్లు, 32 గ్రాములు, సుమారు 190 కేలరీలు. నేనూ అంతే తింటున్నాననుకున్నాను. కాటా మీద మైనస్ 51 వచ్చింది. అంటే 300 కేలరీలు, బ్రెడ్డు కాకుండా.

మూడు రోజులు ఇలా తూచి కాగితం మీద రాసుకోండి. రోజుకు 15 గ్రాముల లోపే తింటున్నారా? అయితే ఈ వ్యాసం ఇక్కడితో ఆపేసి హాయిగా తినండి. వేరుశనగలో ఉన్నది చాలావరకు మంచి కొవ్వే. మీకు మిగిలే 50, 60 కేలరీల కోసం ఇంత హంగామా అక్కర్లేదు. 40, 50 గ్రాములు దాటే నాలాంటి వాళ్లకే మిగతా కథ.

డబ్బా ముందు వైపు కాదు, వెనక వైపు చదవండి

గ్రాము కొవ్వుకు 9 కేలరీలు. ప్రొటీన్‌కైనా, పిండి పదార్థానికైనా 4. నీళ్లకు సున్నా. ఈ మూడు ముక్కలు గుర్తుంటే దుకాణంలో ఎవరూ మిమ్మల్ని మోసం చేయలేరు.

32 గ్రాముల మామూలు పీనట్ బటర్‌లో కొవ్వు సుమారు 16 గ్రాములు. 16 తొమ్మిదులు 144. మొత్తం 190లో 144 కొవ్వు నుంచే వస్తున్నాయన్నమాట. కాబట్టి తగ్గించాల్సింది కొవ్వునే. కానీ దాని స్థానంలోకి ఏం వచ్చి చేరుతోందన్నది అసలు ప్రశ్న.

"కొవ్వు తగ్గించినది" అని రాసి ఉన్న సీసా ఒకటి నేను ముందుగా కొన్నాను. ఇంటికొచ్చాక కళ్లజోడు పెట్టుకుని చూస్తే కొవ్వు 16 నుంచి 12కు తగ్గింది, కేలరీలు మాత్రం అవే 190. తీసేసిన కొవ్వు బదులు చక్కెర, కార్న్ సిరప్ పొడి వేశారు. పైన రాసిన మాట అబద్ధం కాదు, కొవ్వు నిజంగానే తగ్గింది. కేలరీలు తగ్గాయని వాళ్లెక్కడా అనలేదు, నేనే అనుకున్నాను. షుగర్ ఉన్నవాళ్లయితే ఇలాంటి సీసా కంటే మామూలు పీనట్ బటరే నయం. అమెరికాలో ఉన్నవాళ్లకు ఇంకో గుర్తు: అక్కడ పీనట్ బటర్ అని పిలవాలంటే అందులో కనీసం 90 శాతం వేరుశనగ ఉండాలని నియమం. అందుకే కొవ్వు తగ్గించిన వాటి మీద చాలాసార్లు "పీనట్ బటర్ స్ప్రెడ్" అని ఉంటుంది. ఆ స్ప్రెడ్ అన్న మాట కనబడితే వెనక్కి తిప్పి చూడండి.

మనకు కావాల్సింది పొడి. వేయించిన గింజల్ని మరలో నొక్కి నూనెలో ఎక్కువ భాగం తీసేసి, మిగిలిన దాన్ని మెత్తగా పిండి చేస్తారు. అమెరికాలో పీబీ2, పీబీఫిట్ లాంటి పేర్లతో దొరుకుతుంది. మన దగ్గర పీనట్ బటర్ పౌడర్ అనో, కొవ్వు తీసిన వేరుశనగ పిండి అనో ఆన్‌లైన్‌లో వెతకాలి. కావలసినవాటి జాబితాలో వేరుశనగ ఒక్కటే ఉంటే మంచిది, ఉప్పు ఉన్నా ఫరవాలేదు. చక్కెర ఉన్నది వద్దు. తీపి కావాలంటే ఎంత వేయాలో మన చేతిలో ఉండాలి.

ఇక్కడొక మెలిక ఉంది. పొడి డబ్బా మీద రెండు టేబుల్ స్పూన్లకు 60 కేలరీలే అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. 190 ఎక్కడ, 60 ఎక్కడ అని మురిసిపోకండి. ఆ రెండు చెంచాల పొడి బరువు 13 గ్రాములే, పీనట్ బటర్ రెండు చెంచాలు 32 గ్రాములు. 100 గ్రాముల లెక్కన చూస్తే పొడిలోనూ 460 దాకా ఉంటాయి. మనం కలిపే నీళ్లే దాన్ని తేలిక చేస్తాయి. సరైన పోలిక ఇలా చేయాలి: 16 గ్రాముల పొడి, 16 గ్రాముల నీళ్లు కలిపితే 32 గ్రాముల ముద్ద వస్తుంది, దానికి సుమారు 74 కేలరీలు. అంటే 190కి బదులు 74. తగ్గింపు తక్కువేమీ కాదు, డబ్బా చెప్పినంత మాత్రం కాదు.

వేరుశనగ పడనివాళ్లకు ఒక మాట. పడనిది ప్రొటీన్, నూనె కాదు. పొడిలో ఆ ప్రొటీన్ అంతా అలాగే ఉంటుంది. కాబట్టి వాళ్లకు ఇదీ నిషిద్ధమే.

గానుగ చెక్క తెచ్చుకోవద్దు

ఇది చదివాక మీ ఇంట్లో పెద్దవాళ్లెవరో తప్పకుండా అంటారు, "నూనె తీసిన పిండేగా, గానుగ దగ్గర అగ్గువకు దొరుకుతుంది" అని. నాతో మా చిన్నాన్న అన్నాడు. ఆయన అనడంలో తప్పేం లేదు. నువ్వుల నూనె తీయగా మిగిలిన తెలగపిండిని మునగాకు వేసి వండుకుని లొట్టలేసుకుంటూ తినే జనం మనం.

కానీ వేరుశనగ చెక్క విషయం వేరు. గానుగలకూ మిల్లులకూ పోయే గింజల్లో ముడుచుకుపోయినవి, పుచ్చువి, బూజు పట్టినవి కలిసిపోతుంటాయి. బూజు పట్టిన వేరుశనగలో అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. నూనె తీసినప్పుడు ఈ విషంలో ఎక్కువ భాగం నూనెతో పోకుండా చెక్కలోనే ఉండిపోతుంది. అసలు ఈ విషం సంగతి ప్రపంచానికి తెలిసిందే చెక్క వల్ల. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, ఆరా తీయగా దాణాలో కలిపిన వేరుశనగ చెక్క దగ్గర తేలింది. కాబట్టి మనుషులు తినడానికని చేసి, ప్యాక్ చేసి, ఆహార లైసెన్సు నంబరు వేసిన పొడినే కొనండి.

పొడి కలిపే విధానం

మొదటిసారి నేను గిన్నెలో నీళ్లు పోసి అందులో పొడి వేశాను. ఉండలు కట్టింది. నీళ్లు పోశాను, జారైంది. పొడి వేశాను, మళ్లీ ఉండలు. చివరికి నలుగురికి సరిపోయేంత అయింది, నలుగురిలో ఒక్కరూ తినలేదు.

సరైన వరస ఇది. చిన్న కటోరాను కాటా మీద పెట్టి 16 గ్రాముల పొడి వేయండి. చిటికెడు ఉప్పు వేసి పొడిగా ఉండగానే కలపండి. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, పాలు తోడు వేసేటప్పుడు ఉండే వెచ్చదనం చాలు. ముందు 16 గ్రాముల నీళ్లలో మూడింట ఒక వంతు పోసి, చెంచా వీపుతో పొడిని కటోరా అంచుకు అదిమి అదిమి రాయండి. తడి ఇసుకలా, గట్టిగా, ఎందుకొచ్చిన గొడవరా అనిపించేలా ఉంటుంది. అదే సరైన దశ. ఉండలన్నీ ఆ గట్టిదనంలోనే విరిగిపోతాయి. తర్వాత రెండో వంతు, కలపడం, ఆపైన మూడో వంతు.

ఇప్పుడు వెంటనే రాసుకోవద్దు. పది నిమిషాలు మూత పెట్టి వదిలేయండి. పొడి నెమ్మదిగా నీళ్లు పీల్చుకుంటుంది, నాలుక మీద సుద్దలా తగిలే గరుకు చాలావరకు పోతుంది. మూత తీసేసరికి మీరు వదిలినదానికంటే గట్టిపడి ఉంటుంది. అప్పుడు అర చెంచా నీళ్లు చిలకరించి మళ్లీ తిప్పితే సరి. ఈ పది నిమిషాలూ ఆగకుండా "ఇది సుద్దముక్కలా ఉంది" అని వదిలేసినవాళ్లు నాకు తెలిసి ముగ్గురున్నారు.

పోయిన రుచిని తిరిగి తెచ్చుకోండి

కొవ్వుతో పాటు పోయేవి రెండు. ఒకటి నోట్లో కరిగే నునుపు. రెండోది వేయించిన వాసన, ఎందుకంటే ఆ సువాసనలో చాలాభాగాన్ని మోసేది నూనే. మొదటిదాన్ని పూర్తిగా తేలేం. రెండోదాన్ని తేవచ్చు.

దారి చాలా చిన్నది. కలిపిన ముద్దలో అర టీ స్పూను గానుగ వేరుశనగ నూనె వేసి తిప్పండి. రిఫైన్డ్ నూనె వేస్తే లాభం లేదు, దానికి వాసన ఉండదు. అర టీ స్పూను అంటే 20 కేలరీలు. నూనె తీసేసిన దాంట్లో మళ్లీ నూనె వేయడమేమిటని నవ్వకండి. మొత్తం 74 కాస్తా 94 అవుతుంది, ఇప్పటికీ 190లో సగమే. ఆ 20 కేలరీలు పెట్టే ఖర్చుకు వచ్చే ఫలితం మాత్రం గిన్నె దగ్గరికి ముఖం పెట్టగానే తెలుస్తుంది.

ఇంకా గట్టి వాసన కావాలంటే కలపడానికి ముందు పొడిని వట్టి మూకుడులో సన్న సెగ మీద ఒకటిన్నర నిమిషం తిప్పండి. పక్కకు తిరిగి ఫోన్ చూడొద్దు. నూనె లేని పిండి కదా, వేగుతోంది అనుకునేలోపే మాడుతుంది. తీపి ఇష్టమైతే పావు చెంచా బెల్లం తురుము, లేదా బాగా ముగ్గిన అరటిపండు ముక్క చిదిమి వేయండి. నాకైతే కారం దారే నచ్చింది. చిటికెడు వేయించిన జీలకర్ర పొడి, కాస్త ఎండుమిరప కారం.

ఒక్కసారిగా మారలేకపోతే సగం సగం

మొదటి వారం పూర్తిగా పొడి మీద ఉండమని నేను ఎవరికీ చెప్పను. 16 గ్రాముల అసలు పీనట్ బటర్, 8 గ్రాముల పొడి, 8 గ్రాముల నీళ్లు కలపండి. 32 గ్రాములకు 130 కేలరీల చిల్లర.

కలిపేటప్పుడు ఒక వింత జరుగుతుంది, కంగారు పడకండి. పీనట్ బటర్‌లో కొద్దిగా నీళ్లు పడగానే అది పలచబడాల్సింది పోయి బిగుసుకుపోతుంది, చెంచా నిలబడేంతగా. విరిగిపోయిందనుకుని పారేయొద్దు. నూనెలో ఉన్న మెత్తని పిండి నీళ్లను లాక్కుని ముద్ద కట్టడం అది. ఇంకో చెంచా నీళ్లు పోసి తిప్పుతూ ఉంటే చటుక్కున సడలి, లేత రంగులోకి వచ్చి, వెన్నలా నునుపుగా మారుతుంది. మొదటిసారి చూసినప్పుడు భలే ముచ్చటగా ఉంటుంది.

పెరుగుతోనూ ఇలాగే. టోన్డ్ పాల పెరుగును పల్చని బట్టలో మూటగట్టి రెండు మూడు గంటలు వేలాడదీయండి. 40 గ్రాముల గట్టి పెరుగులో 20 గ్రాముల పీనట్ బటర్ కలిపితే 60 గ్రాములు వస్తుంది, 32 గ్రాములకు 85 కేలరీల చుట్టుపక్కల. పులుపు వస్తుంది కాబట్టి దీన్ని తీపి చేయాలని చూడకండి, తేడా కొడుతుంది. పచ్చిమిర్చి, కొత్తిమీర సన్నగా తరిగి వేస్తే చపాతీ చుట్టల్లోకి, కీరా ముక్కల్లోకి బ్రహ్మాండంగా ఉంటుంది.

పొడి దొరకనివాళ్లకు పుట్నాలు

పొడి గ్రాముల లెక్కన ఖరీదైన సరుకే. అన్ని ఊళ్లలోనూ దొరకదు. ఇంట్లో చేసుకునే దారి: 50 గ్రాముల పుట్నాల పప్పును ముందుగా మిక్సీలో మైదాలా పట్టి జల్లించండి. 50 గ్రాముల పల్లీలు సన్న సెగ మీద వేయించి, పొట్టు ఊది, రంగు మారినవీ ముడుచుకున్నవీ ఏరేసి, నూనె బయటికి వచ్చేదాకా రుబ్బండి. రెండూ కలిపి, ఉప్పు వేసి, వంద మిల్లీలీటర్ల నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ తిప్పండి. పుట్నాలలో కొవ్వు చాలా తక్కువ, ప్రొటీన్ దండిగా ఉంటుంది. 32 గ్రాములకు సుమారు 78 కేలరీలు, కొన్న పొడితో ఇంచుమించు సమానం.

చేసి బ్రెడ్డు మీద రాసి మా అమ్మకిచ్చాను. కొరికి, నమిలి, "పోపు వేయడం మర్చిపోయినావు" అంది.

నిజమే, పల్లీ చట్నీకి దీనికి తేడా పోపూ, మిరపకాయలూ, చింతపండూ అంతే. ఆ లెక్కన మన పల్లీ చట్నీ ఎప్పటినుంచో తక్కువ కేలరీల పీనట్ బటరే. చట్నీకున్న ఇబ్బందే దీనికీ ఉంది. పీనట్ బటర్ నెలల తరబడి బయట నిలవుండేది అందులో నీళ్లు లేవు కాబట్టి. మనం నీళ్లు కలిపిన మరుక్షణం అది పాడయ్యే పదార్థమే. ఫ్రిజ్‌లో రెండు రోజులు, అంతకు మించి వద్దు. అందుకే కొన్న పొడినైనా పూటకు కావాల్సినంతే కలుపుకోండి. డబ్బాలో తడి చెంచా పెట్టకండి.

దేనిలోకి నప్పుతుంది, దేనిలోకి నప్పదు

రాగి జావ, ఓట్స్, అరటిపండు మిల్క్‌షేక్: వీటిల్లో పొడి వేసినట్టు చెప్పకపోతే ఎవరూ కనిపెట్టలేరు. వేడి దోసె మీద పలచగా రాసినా బాగుంటుంది, వేడికి ఆ అర చెంచా నూనె వాసన లేస్తుంది.

కాల్చిన బ్రెడ్డు మీద మాత్రం తినే ముందే రాయాలి. పీనట్ బటర్ బ్రెడ్డును తడవనివ్వదు, ఇది నీళ్ల ముద్ద కాబట్టి ఐదు నిమిషాల్లో మెత్తబెడుతుంది. పిల్లల డబ్బాకు కట్టాలంటే విడిగా చిన్న గిన్నెలో పెట్టండి.

గుత్తివంకాయ మసాలాలో పల్లీల బదులు వేసి చూశాను. గుజ్జు చిక్కగా వచ్చింది, కానీ పైన తేలాల్సిన నూనె తేలలేదు. నూనె తేలని గుత్తివంకాయ నాకు అక్కర్లేదు, మళ్లీ వేయలేదు. పల్లీ ఉండలకూ పనికిరాదు, పొడిపొడిగా రాలిపోతుంది.

రెండు వారాలయ్యాక

మొదట్లో రాసుకున్న కాగితం తీయండి. మళ్లీ మూడు రోజులు తూచండి, ఈసారి పొడినీ నూనెనూ కూడా. తేలికైనదే కదా అని రెండింతలు రాసుకుంటున్నామేమో ఇక్కడే తెలుస్తుంది. నేను మొదటి వారం అదే చేశాను. 16 గ్రాముల పొడి కాస్తా 30 అయింది, మిగిలిన కేలరీల్లో సగం దాకా అక్కడే పోయాయి.

రెండు వారాలైనా నోటికి పట్టకపోతే బలవంతంగా మింగకండి. ఉన్న పొడిని జావలోకి వాడేయండి. పాత సీసా తీసి, కాటా మీద పెట్టి, సున్నా చేసి, మైనస్ 16 రాగానే మూత పెట్టేయండి. 95 కేలరీలు, అచ్చమైన రుచి. నేనిప్పుడు వారంలో ఐదు రోజులు పొడి, శని ఆదివారాలు సీసా. ఆదివారం చెంచా నాకడం కూడా ఉంది, అది 16లో కలిపే తూస్తున్నాను.